తెల్లబట్ట అయితే గర్భసంచి తీయించుకోవాలా?

(నల్గొండ జిల్లాలో చండూరు వైపు ఒక ఊరి గ్రామ సమాఖ్య భవనంలో, మహిళా సంఘాల సభ్యులతో ఒక గైనకాలజిస్టు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసినవి. మాట్లాడిన తీరు మార్చలేదు.)

వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండమ్మా. మైకు నేనే వద్దన్నాను. మైకు పెడితే వేపచెట్టు కింద పేకాడే మగవాళ్లకు కూడా వినిపిస్తుంది. వాళ్లు వింటే నష్టమేం లేదు, ఇంకా మంచిదే. కానీ మీరు నోరు తెరవరు.

పొద్దున నేను రాగానే మీ సమాఖ్య కార్యకర్త బోర్డు మీద ఏం రాయాలని అడిగింది. "తెల్లబట్ట" అని రాయమన్నాను. చూడండి, ఏం రాసిందో. "మహిళల ఆరోగ్యం". (నవ్వులు) నువ్వు ఏమనుకోకు చెల్లె, నీ తప్పు కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే. ముందు నడుము నొప్పి అంటారు. తర్వాత తల తిరుగుతుంది అంటారు. రక్తానికి గోలీలు రాసిచ్చి పంపిస్తే, లేచి పరదా దాకా పోయి, అక్కడ పరదా పట్టుకుని వెనక్కి తిరిగి, "ఇంకోటి మేడం..." అంటారు. ఆ ఇంకోటి కోసమే ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. బయట ఇంకో నలభై మంది ఉంటారు. అందుకే ఇవాళ ఆ "ఇంకోటి" గురించే మాట్లాడదాం. మిగతావి తర్వాత.

ఒక మనిషి సంగతి చెప్తా. ఊరు, పేరు చెప్పను. దేవరకొండ అవతలి నుంచి వచ్చింది, ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ అయ్యింది. ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు, స్కానింగులు. రెండేళ్లుగా తెల్లబట్ట. ఒకచోట గర్భసంచికి పుండు పడిందన్నారు. ఇంకోచోట ఇట్లాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దామన్నారు. పత్తి అమ్మిన డబ్బులు ఉన్నాయి కదా అని మొగుడు కూడా సరే అన్నాడు. ఆడబిడ్డ మాత్రం ఒప్పుకోలేదు, ఇంకొక్కరికి చూపిద్దామని లాక్కొచ్చింది. మంచి ఆడబిడ్డ. అట్లాంటివాళ్లు ఇంటికి ఒకరుండాలి.

లోపల చూస్తే గర్భసంచి బంగారంలా ఉంది. యోని గోడలు ఎర్రగా ఉన్నాయి, పసుపు పచ్చ కలిసిన నురగ నురగ స్రావం. ఒక చుక్క తీసి గాజుపలక మీద సెలైన్‌లో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. నాకు కనిపించాక ఆమెను పిలిచి, "నువ్వు కూడా చూడు" అన్నాను. ముందు కన్ను పెట్టడం రాలేదు, రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. తర్వాత చూసింది. చూసి, "అమ్మో, ఉరుకుతున్నయి" అంది. చిన్న చిన్నవి, కోడిగుడ్డు ఆకారంలో, తోకలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి. రెండేళ్ల ఏడుపు ఆ చుక్కలో ఉంది. ట్రైకోమోనాస్ అంటారు దాన్ని. పద్నాలుగు మాత్రలతో పోయింది. ఆ మాత్రల ఖర్చు మీరు ఇక్కడికి రావడానికి పెట్టిన ఆటో ఖర్చంత కూడా ఉండదు.

మరి ఆ "పుండు" ఏంటంటారా? గర్భసంచి మూతి లోపలి పొర కొంచెం బయటికి కనిపిస్తే ఎర్రగా పుండులా ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకు, కాన్పులైనవాళ్లకు, గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్లకు అట్లా ఉండడం మామూలు. పెదవి కొంచెం తిప్పితే లోపల ఎర్రగా కనిపించదా? అది పుండా? ఇదీ అంతే. దాన్ని చూసి క్యాన్సర్ అని భయపెట్టేవాళ్ల మీద నాకు చాలా కోపం.

ఇప్పుడు మొదటికి వద్దాం. అసలు తెల్లబట్ట అంతా జబ్బేనా?

కాదు. నోట్లో లాలాజలం ఊరుతుంది, కంట్లో తడి ఉంటుంది. కింద కూడా తడి ఉండాలి. రెండు ముట్ల మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, పచ్చిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ముట్టు దగ్గరపడితే చిక్కబడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువ అవుతుంది. వాసన లేదు, దురద లేదు, మంట లేదు, రంగు మారలేదు అంటే అది జబ్బు కాదు. లోబట్ట మీద ఆరిపోయి లేత పసుపుగా గంజి పెట్టినట్టు కనిపించినా భయపడొద్దు. మీ బిడ్డలు పెద్దమనిషి కాబోయే ముందు ఆరు నెలలు, ఏడాది నుంచే ఇది కనిపిస్తుంది. అప్పుడు పిల్లను ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోకండి, కూర్చోబెట్టుకుని ఇది మామూలే అని చెప్పండి.

(ఒక సభ్యురాలు: బొక్కలు కరిగి పోతాయంటరు కద మేడం?)

అడిగావు, సంతోషం. ఈ మాట నేను చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర విన్నాను. బొక్కలు కరగవు. ఎముక కరిగి యోనిలోకి వచ్చే దారే ఒంట్లో లేదు. మన జిల్లాలో ఈ భయం కొంచెం ఎక్కువేనని నాకనిపిస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను కళ్లారా చూసినవాళ్లం. మర్రిగూడ వైపు ప్రతి ఇంట్లో ఆ కథ ఉంటుంది. కాబట్టి ఒంట్లో ఏది తేడా చేసినా మనకు బొక్కలే గుర్తొస్తాయి. కానీ ఫ్లోరైడు పట్టుకునేది పళ్లను, ఎముకలను. తెల్లబట్టకూ దానికీ సంబంధం లేదు. మరి నీరసం ఎందుకంటారా? మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తం తక్కువ. పొద్దున నాలుగింటికి లేచి, ఏమీ తినకుండా పత్తి ఏరడానికి పోయే మనిషికి నడుము నొప్పి రాకుండా ఉంటుందా?

ఇక జబ్బు ఎట్లా వస్తుంది అనేది. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

పాలు తోడు పెడతారు కదా. పులిసిన పెరుగులో పురుగు పడదు. పులుపు వల్లే. ఎండాకాలం గంజి పులియబెట్టి అంబలి తాగుతాం, అదీ అంతే. యోనిలో కూడా తోడు లాంటి సూక్ష్మజీవులు ఉంటాయి, లాక్టోబాసిల్లై అంటారు. డోడర్లైన్ అనే జర్మన్ డాక్టరు 1892లోనే వీటి గురించి రాశాడు. యోని గోడల్లో ఉండే ఒకరకం పిండిపదార్థం నుంచి ఇవి పులుపు తయారుచేస్తాయి. పీహెచ్ అని లెక్క ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. అక్కడ 3.8 నుంచి 4.5 దాకా ఉంటుంది. ఆ పులుపు ఉన్నంతకాలం చెడ్డ సూక్ష్మజీవులు అక్కడ కాపురం పెట్టలేవు.

మనం ఒళ్లు రుద్దుకునే సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. దాంతో లోపల కడిగితే? పాలు తోడుకోకముందే సున్నం కలిపినట్టు. డెట్టాల్ నీళ్లు, ఉప్పు నీళ్లు, నిమ్మకాయ రసం, టీవీలో చూపించే వాసన సీసాలు, ఏదీ లోపలికి వద్దు. యోని తనను తాను కడుక్కుంటుంది. బయట మామూలు నీళ్లు చాలు. శుభ్రం కోసం రోజుకు మూడుసార్లు లోపల కడుక్కునే మనిషికే ఎక్కువ వాసన వస్తుంది, ఆ వాసన చూసి ఇంకా కడుగుతుంది. ఈ చక్రంలో పడి నా దగ్గరికి వచ్చేవాళ్లు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ.

ఆ పులుపు తగ్గినప్పుడు వచ్చేదాన్ని బాక్టీరియల్ వజినోసిస్ అంటాం. పలచగా, బూడిద రంగులో పోతుంది. చేపల వాసన. దురద అంతగా ఉండదు. భార్యాభర్తలు కలిసిన తర్వాత, ముట్టు సమయంలో వాసన ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే వీర్యమూ పులుపు కాదు, రక్తమూ పులుపు కాదు, రెండూ ఉన్న పులుపును విరిచేస్తాయి. "నా దగ్గర వాసన వస్తుందని ఆయన పక్కకు జరిగి పడుకుంటున్నాడు" అని ఏడ్చిన ఆవిడకు ఉన్నది ఇదే. మురికి మనిషి కావడం వల్ల కాదు. గర్భంతో ఉన్నవాళ్లకు ఈ వాసన ఉంటే తప్పకుండా చెప్పాలి, నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు ఇందులో ఉంది. మందు ఉంది, మెట్రోనిడజోల్. వారం రోజులు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. ఆ వారం, తర్వాత రెండు మూడు రోజులు కల్లు ముట్టొద్దు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఈత చెట్లు ఉన్న ఊళ్లలో ఈ మాట చెప్పకుండా నేను చీటీ రాయను.

ఇది తగ్గినా మళ్లీ తిరగబెడుతుంది, అదే దీనితో తంటా. 2025లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఒక పరిశోధన బయటపెట్టారు. భార్యకు మాత్రమే మందు ఇస్తే, మూడు నెలల్లోపు వందలో 63 మందికి తిరగబెట్టింది. భర్తకు కూడా మాత్ర, పూత మందు ఇస్తే 35 మందికే తిరగబెట్టింది. మేం చదువుకున్నప్పుడు దీనికి మగవాళ్లకు మందు అక్కర్లేదనే చెప్పారు. మాకూ పాఠాలు మారుతుంటాయి.

రెండోది దురద. చిక్కగా, విరిగిన పాలలా, పెరుగు గడ్డల్లా పోతుంది. వాసన ఉండదు. కానీ దురద ఎట్లా ఉంటుందంటే, నాట్లు వేస్తూ నలుగురిలో ఉన్నప్పుడు కూడా చెయ్యి ఆగదు. బయట వాచి, చీరుకుపోయి మూత్రం తగిలితే భగ్గుమంటుంది. ఇది ఫంగస్, క్యాండిడా. గోడకు తేమ తగిలితే బూజు పట్టినట్టు. ప్రతి నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని మా పుస్తకాల లెక్క. కాబట్టి సిగ్గు ఎందుకు? జలుబు చేసిందని చెప్పడానికి సిగ్గుపడతామా?

ఇది ఎప్పుడు వస్తుంది అంటే, జ్వరానికో దగ్గుకో యాంటిబయాటిక్ వాడాక. ఆ మందు చెడ్డవాటితో పాటు మన తోడును కూడా చంపేస్తుంది, ఖాళీ చోటులో బూజు పెరుగుతుంది. గర్భంలో వస్తుంది. షుగర్ ఉంటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఈ దురద వచ్చిందంటే కిందికి మందు రాసే ముందు వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తాను. అట్లా షుగర్ బయటపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇంకో సంగతి. షుగర్‌కు ఇప్పుడు కొత్తరకం మాత్రలు వచ్చాయి, పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటుంది. మంచి మందులే, గుండెకూ కిడ్నీకీ మేలు. కానీ అవి చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి, దాంతో కింద ఈ బూజు వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్ర మొదలుపెట్టిన నెలకే దురద అంటే చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

వ్యవసాయం పనిలో వచ్చే తిప్పలు కూడా ఉన్నాయి. బురదలో తడిసిన లంగా సాయంత్రం దాకా ఒంటి మీదే ఆరుతుంది. నైలాన్ లోబట్టలు, చెమట. తడి బట్టతో కూర్చోకండి, ఇంకో జత సంచిలో పెట్టుకోండి. కాటన్ వేసుకోండి. లోబట్టలు ఎవరూ చూడకూడదని చీర కింద దాచి ఆరేస్తారు, అది ఎప్పటికీ ఆరదు. ఎండలో వేయండి, ఎవరేమంటారు? రాత్రి పడుకునేటప్పుడు వేసుకోకపోతే ఇంకా మంచిది.

మెడికల్ షాపులో దురద అంటే ఒక ట్యూబు ఇస్తారు, అన్నింటికీ ఒకటే. అందులో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద పోతుంది, పది రోజులకు రెట్టింపై వస్తుంది, చర్మం పలచబడుతుంది. ఫంగస్‌కు అసలు మందు క్లోట్రిమజోల్ బిళ్ల లోపల పెట్టుకోవడం, లేదంటే ఫ్లూకొనజోల్ 150 ఒకే ఒక్క గోలీ. గర్భంతో ఉంటే ఆ గోలీ మింగొద్దు, లోపల పెట్టుకునే బిళ్లే.

(ఇంకో సభ్యురాలు: పెరుగు రాస్తే తగ్గుతదని యూట్యూబ్‌ల చెప్పిన్రు.)

పెరుగు అన్నంలో కలుపుకో తల్లీ. మన గిన్నెలో పెరుగు తోడూ, యోనిలో తోడూ ఒకే కుటుంబం కానీ ఒకే మనిషి కాదు. పోలికకు చెప్పాను గానీ పూసుకోమని కాదు.

మూడోది ఇందాక చెప్పిన నురగ స్రావం, ట్రైకోమోనాస్. దీన్ని 1836లో పారిస్‌లో డోనే అనే డాక్టరు మైక్రోస్కోపులో చూసి కనిపెట్టాడు. దాదాపు 190 ఏళ్ల తర్వాత దేవరకొండ అవతలి ఆమె చూసింది కూడా అట్లాగే. ఒక చుక్క, ఒక గాజుపలక. 2020లో ప్రపంచం మొత్తంలో 15 కోట్ల 60 లక్షల మందికి కొత్తగా వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది కలయికతో వస్తుంది. మగవాడికి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. "నాకేం లేదు, నీకే రోగం" అంటాడు. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, వారం దూరంగా ఉండాలి. ఆమె ఒక్కతే వాడితే నెల తిరిగేసరికి మళ్లీ అదే.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. మన దగ్గర హైదరాబాద్‌కు, పాలమూరు వైపు నుంచి బొంబాయి దాకా పనికి పోయే ఇళ్లు ఎన్నో. ఈ పేరు వినగానే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది, ఎవరు తెచ్చారని. ఈ క్రిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో నా మైక్రోస్కోపు చెప్పదు. నేనూ చెప్పను. ఆ దేవరకొండ ఆమె భర్తను పిలిపించి ఇద్దరికీ మందు రాశాను, అంతే మాట్లాడాను.

గనేరియా, క్లమీడియా అని ఇంకో రెండున్నాయి. అవి గర్భసంచి మూతికి, అక్కడి నుంచి పైకి పాకుతాయి. పొత్తికడుపు నొప్పి, జ్వరం, తర్వాత పిల్లలు పుట్టకపోవడం. చీటీ లేకుండా మందులు మింగితే ఇవి దాక్కుంటాయి.

సరే, ఆపరేషన్ దగ్గరికి వద్దాం. దీనికోసమే నేను వచ్చాను.

తెల్లబట్ట ఎక్కువగా వచ్చేది యోని నుంచి. గర్భసంచి తీసేస్తే యోని ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది. షుగర్ ఉంటే బూజు వస్తుంది, మొగుడికి మందు ఇవ్వకపోతే నురగ వస్తుంది. అప్పుడేం తీస్తారు? దేశమంతా చేసే కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్ర, తెలంగాణ రెండూ ముందు వరసలో ఉన్నాయి. అక్కర్లేని ఈ ఆపరేషన్లను అడ్డుకోవాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. అందులో నా వృత్తివాళ్ల తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ "పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు ఆ సంచి" అని మీలో మీరు అనుకునే మాట కూడా ఉంది.

బొక్కలు కరుగుతాయని భయపడి వచ్చినవాళ్లకు చేసే ఆపరేషన్లో కొన్నిసార్లు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారు. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పోతుంది. అది పోతే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ముసలితనం. అప్పుడు నిజంగానే బొక్కలు పలచబడతాయి. యోని ఎండిపోతుంది, ఆ పులుపు పోతుంది, మంట మొదలవుతుంది. దేనికి భయపడిందో అదే చేయించుకుని ఇంటికి పోయింది. ఇట్లాంటివాళ్లు నా ఓపీలో ఉన్నారు. నలభై ఏళ్ల మనిషి కట్టె పట్టుకుని వస్తుంది.

గర్భసంచి ఎప్పుడూ తీయకూడదని కాదు. క్యాన్సర్ ఉంటే, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే, పెద్ద గడ్డలు ఉంటే తీయాలి. ఒట్టి తెల్లబట్టకు తీయరు.

అట్లాగని అన్నీ మామూలే అని ఇంట్లో కూర్చోకండి. కలిసిన తర్వాత రక్తం కనబడితే, ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క ఎర్రగా కనిపించినా, కుళ్లు వాసనతో నీళ్లలా ఎర్రగా పోతుంటే, ఆ రోజే బయలుదేరండి. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కావచ్చు. ముప్పై దాటినవాళ్లు ఏ బాధా లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి. వెనిగర్ లాంటి మందు దూదితో అద్ది చూస్తాం, తెల్లమచ్చ పడుతుందా అని. నొప్పి ఉండదు. 2023 మార్చిలో ఆరోగ్య మహిళ అని ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు ఈ పరీక్షలు కూడా అందులో పెట్టారు.

ప్రభుత్వ దవాఖానాల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. తెల్లబట్టకు ఆకుపచ్చ డబ్బా ఇస్తారు, కిట్ 2 అంటాం. అందులో ఫంగస్‌కు ఒక గోలీ, మిగతా రెండింటికి ఇంకో మందు ఉంటాయి. ఉచితం.

(వెనక నుంచి ఒక పెద్దావిడ: నాకు అరవై దాటినయి బిడ్డ. నాకు తెల్లబట్ట లేదు. ఊకె మంట.)

నీ కోసమే ఉంది అవ్వా ఇంకో ముక్క. ముట్లుడిగాక లోపల ఎండిపోయి మంట పుడుతుంది, మూత్రం ఊరికే వస్తున్నట్టు ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ అని యాంటిబయాటిక్స్ రాస్తూ పోతారు. ఈస్ట్రోజెన్ పూత వారానికి రెండుసార్లు లోపల రాస్తే తగ్గుతుంది. నువ్వు సిగ్గుపడకుండా నలుగురిలో అడిగావు. వీళ్లు చూడు, నలభై మంది ఉన్నారు, అన్నీ "మా చుట్టాలావిడకు" అని అడుగుతారు. (నవ్వులు)

పక్కన సబ్ సెంటర్‌లో బల్ల వేయించాను, పరదా ఉంది, మైక్రోస్కోపు కారులో తెచ్చాను. సాయంత్రం నాలుగు దాకా ఉంటా. రెండు మూడు రోజులుగా లోపల ఏ మందైనా పెట్టుకున్నవాళ్లు ఇవాళ చూపించుకోకండి, ఏమీ కనిపించదు, వచ్చే నెల రండి. ముట్టులో ఉన్నవాళ్లు కూడా అయ్యాక రండి. ఇప్పుడు ఇంటికి పోయి కడుక్కుని వస్తామనకండి, ఉన్నది ఉన్నట్టు రండి. ముందు అవ్వను పంపించండి.